వెలుతురుకు నీరుగంటి

హిందూపురం బజారులో తిమ్మప్ప గురించి ఒక మాట తిరుగుతుంది. మబ్బు పట్టిన ఆ కార్తీకంలో ఆయన సర్కారు అద్దాన్ని సొంత కూతురికి అప్పగించి, తలుపు వేసుకుని, ఆఫీసర్లను వరండాలో నిలబెట్టాడట. అందుకే ఉద్యోగం పోయిందట. తర్వాత మూట చంకన పెట్టుకుని రొళ్ల బస్సు ఎక్కడం తమ కళ్లతో చూశామని కాఫీ హోటలు దగ్గర కొందరు ఒట్టేసి చెబుతారు. ఇంకొందరు దానికి తోక తగిలించారు. ఆ అద్దంలో చూసిన గుడ్లలోంచి వచ్చిన పురుగులు బంగారం లాంటి పట్టుగూళ్లు కట్టాయని, పుట్టమ్మ ఆ దుడ్లతో మిద్దె వేసిందని.

తలుపు వేసిన మాట నిజం. బస్సు ఎక్కిన మాటా నిజం. ఆ తలుపు ఉన్న ఇల్లు మాదే.

ఇంటి ముందు రెండు గదులనూ వరండానూ నాయన సర్కారుకు బాడుగకు ఇచ్చాడు. వెనక భాగంలో మేము ఉండేవాళ్లం. నడుమ ఒక తలుపు, ఆ తలుపు పై సగానికి గాజు పలక. బడి మానిన తర్వాత నేను దాని పక్కనే కూర్చుని కండెలకు పట్టుదారం చుట్టేదాన్ని. ఆ పనిలో చేతులు వాటంతట అవే తిరుగుతాయి. కళ్లకు పని ఉండదు. అవి గాజు పలకలోంచి అవతలికి పోయేవి.

అవతల ఎప్పుడూ ఏదో కలలో నడిచినట్టు ఉండేది. రాగి పాత్రలో నీళ్లు కాగి, ఆవిరై, గాజు గొట్టంలో మెలికలు తిరిగి, చుక్క చుక్కగా సీసాలో పడేవి. మధ్యాహ్నం పూట ఆ చుక్కల చప్పుడు మా ఇంటినంతా నిద్రపుచ్చేది. గాజు పెట్టెలో ఒక త్రాసు ఉండేది. దాని ముందు నిలబడిన మనిషి ఊపిరి బిగబట్టేవాడు, ఊపిరికి కూడా బరువున్నట్టు. ఉత్తరపు కిటికీ దగ్గర, నల్లగుడ్డ ముసుగు వేసుకుని, మైక్రోస్కోపు ఉండేది. ఊళ్లో దాన్ని అద్దం అనేవాళ్లు. ఆ ఇంటిని అద్దాలిల్లు అనేవాళ్లు.

పట్టు పరిశోధన వాళ్లకు ఒకటి, వేరుశనగ వాళ్లకు ఒకటి, రంగుల వాళ్లకు ఒకటి అంటూ పరికరాలు కొనే శక్తి సర్కారుకు లేదు. అందుకని మంచివన్నీ ఒక్క ఇంట్లో చేర్చి, అందరూ వచ్చి వాడుకోండి అన్నారు. పెనుకొండ నుంచి జయరాజుగారు రైల్లో వచ్చేవారు. వేరుశనగ ఆకుకు మచ్చలు ఎందుకు వస్తున్నాయో కనుక్కోవడం ఆయన పని. తడిగుడ్డలో ఆకులు చుట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తెచ్చేవారు. ధర్మవరం నుంచి ఆదినారాయణగారు వచ్చేవారు. పట్టుచీర ఉతికితే రంగు పోకుండా ఉండే ఉపాయం వెతుకుతూ ఆయన త్రాసు దగ్గరా, చుక్కల నీళ్ల దగ్గరా గడిపేవారు. ఆయన వేళ్లు ఒక వారం నెమలి రంగు, ఒక వారం కుంకుమ రంగు.

అక్కడే ఉండి పనిచేసేది కదిరప్పగారు, పట్టుశాఖ ఉద్యోగి. పట్టుపురుగు సీతాకోకగా మారి, గుడ్లు పెట్టి చచ్చిపోయాక దాన్ని చిన్న కల్వంలో నూరి, ఒక చుక్క అద్దం కింద పెట్టి చూసేవారు. తల్లికి గంటు రోగం ఉంటే ఆ చుక్కలో మెరిసే గింజలు కనిపిస్తాయి. కనిపిస్తే గుడ్లన్నీ పొయ్యిలోకి పోవాలి. తల్లి రోగం పిల్లకు వస్తుంది, ఒక ఇంటి పురుగుల నుంచి వీధి పురుగులకంతా వస్తుంది. సొంతంగా గుడ్లు పెట్టించుకునే రైతులు కూడా తల్లి సీతాకోకలను పొట్లం కట్టి తెచ్చి ఆయనకు చూపించుకునేవాళ్లు.

అద్దానికి అడుగున చిన్న దర్పణం ఉంది. కిటికీలోంచి ఆకాశపు వెలుతురును పట్టి పైకి పంపేది అదే. దీపం పెట్టి చూసే ఏర్పాటు కూడా ఒకటి వచ్చింది కానీ దాని బల్బు కాలిపోయింది, మద్రాసు నుంచి కొత్తది రాలేదు. మామూలు బల్బు పెడితే అంతా పసుపు ముద్దలా కనిపించేదట. కాబట్టి ఆ ఇంట్లో నిజంగా పంచుకోవలసింది వెలుతురే. దాన్ని పంచేవాడు అటెండరు తిమ్మప్ప.

తిమ్మప్పది రొళ్ల పక్కన ఒక పల్లె. వాళ్ల తాతముత్తాతల నుంచీ ఆ ఊరి చెరువుకు నీరుగంట్లు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో నీరుగంటి చెప్పిందే మాట. ఎంత భూమి ఉన్న రైతయినా గట్టు మీద నిలబడి తన వంతు కోసం చూడాల్సిందే. చెరువు నిండిన ఏడు తూము దగ్గరి మడి నుంచి కిందికి పారిస్తారు. నీళ్లు తక్కువైన ఏడు చిట్టచివరి మడితో మొదలుపెడతారు, ఆలస్యమైతే అంత దూరం నీళ్లు చేరవు కాబట్టి. దాన్ని కరువు తడి అంటారు. నీరుగంటికి కూడా ఒక మడి ఉంటుంది. ఏ ఏడైనా సరే, దానికి అందరి తర్వాతే. ఎవరైనా తన తడి వద్దనుకుంటే అది తిరిగి చెరువుకు చెందుతుంది, వరసలో ఉన్న తర్వాతి మడికి పోతుంది. తనకు నచ్చినవాడికి ఇచ్చుకునే హక్కు ఎవరికీ లేదు.

ఒక పెద్దవానకు ఆ చెరువు కట్ట తెగింది. మళ్లీ ఎవరూ వేయించలేదు.

"నీళ్లు పోయినందుకు బాధ ల్యా స్వామీ," అని ఒకసారి మా నాయనతో అన్నాడు. "మరసటి పొద్దు నన్ను ఎవురూ పిలవల్యా. అదీ."

హిందూపురం వచ్చి ఈ ఉద్యోగంలో చేరాక ఆయన మళ్లీ పిలుపు విన్నాడు. మొదటి నెలలోనే అద్దం దగ్గర జయరాజుగారికీ కదిరప్పగారికీ వాదన వచ్చింది, నేను ముందంటే నేను ముందని. తిమ్మప్ప ఊరికి పోయి ఒక రాగి గిన్నె తెచ్చాడు. దాని అడుగున సూదిమొనంత చిల్లి. తొట్టి నీళ్లలో వదిలితే అది ఊగుతూ ఊగుతూ నిండి, నిద్ర ముంచుకొచ్చిన మనిషిలా తల వాల్చి మునిగిపోయేది. మునిగితే ఒక వంతు అయిపోయినట్టు.

"ఏమప్పా తిమ్మప్పా," అన్నారు జయరాజుగారు, "గోడ మీద గడియారముండాది గదా. ఈ గిన్నెల కొలువేంది?"

"గడియారం మీరు వచ్చేదానికి పోయేదానికి సార్. వంతుకు గిన్నే."

"గడియారం తప్పు చెప్తాదా?"

"తప్పు చెప్పదు. ఐపోయేది కనపడదు, అంతే. గిన్నె మునిగేది అందరికీ కనపడతాది. అప్పుడు కొట్లాట ఉండదు."

త్రాసు దగ్గర నుంచి ఆదినారాయణగారు నవ్వారు. "ఈయప్పను మా ధర్మవరానికి తోలకండబ్బా. మగ్గాలోళ్లు గిన్నె చూసుకుంటా కూచుంటే చీర అయిపోయేటప్పటికి పెండ్లి అయిపోతాది."

నవ్వారు కానీ ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో గొంతులు పెద్దవి కాలేదు. తొట్టి పక్కన మోకాళ్లు ముడుచుకుని, గిన్నె వైపే చూస్తూ తిమ్మప్ప కూర్చుంటే ఇక్కడ కాదు, ఎక్కడో చెరువు గట్టున ఉన్నట్టు కనిపించేవాడు. కిటికీలోంచి పడిన వెలుతురు నేల మీద పారుతుంటే దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచేవాడు.

ఆ కార్తీకంలో తూర్పున ఎక్కడో సముద్రం మీద తుపాను పుట్టిందన్నారు. హిందూపురానికి వాన రాలేదు, మబ్బు మాత్రం వచ్చి కూర్చుంది. పగలంతా గుడ్డు లోపల ఉన్నట్టుండేది. చుట్టూ తెలుపే కానీ పొద్దు ఏ వైపు ఉందో తెలిసేది కాదు. నీడలు పోయాయి. మనుషులు దగ్గరికి వచ్చేదాకా ఎవరో పోల్చుకోలేకపోయేవాళ్లం. అప్పుడప్పుడు మబ్బు ఒక చోట పలచబడి, నిమ్మతొక్క రంగు వెలుతురు కిటికీ మీదికి జారేది. కొంచెంసేపు ఉండి పోయేది.

అలాంటి సాయంకాలం తిమ్మప్ప కూతురు పుట్టమ్మ రొళ్ల నుంచి బస్సులో దిగింది. చేతిలో గంప, గంపలో మెత్తటి తెల్లగుడ్డ, గుడ్డ మీద గసగసాలు చల్లినట్టు పట్టుపురుగు గుడ్లు. పక్కన పొట్లంలో తల్లి సీతాకోకలు. ఆ రాత్రికి మా ఇంట్లోనే పడుకోమని అమ్మ చెప్పింది.

"ఇన్ని సీతాకోకలూ ఒకే గుడ్డ మీద పెట్టినాయా?" అని అడిగింది అమ్మ.

"మా పక్క అట్లనే పెట్టిస్తారక్కా. ఒకదానికి రోగముంటే గుడ్డంతా పోవాల్సిందే." పుట్టమ్మ గుడ్డ అంచు ఎత్తి దీపం దగ్గర చూసింది. గుడ్లు తెలుపు పోయి బూడిద రంగుకు తిరిగాయి. "ఎల్లుండి పొద్దునకు పగలతాయి. రేపు అద్దంలో చూపియ్యకపోతే ఐపాయ."

ఆమె భయం ఏమిటో అన్నం తినేటప్పుడు చెప్పింది. పోయిన పంటకు వాళ్ల వీధిలో అందరి తట్టల్లోనూ పురుగులు కుళ్లిపోయాయి. పుట్టమ్మకు ఒక్క తట్ట మిగిలింది. వాళ్ల ఇంట్లో గంటు రోగం ఉందని వీధివాళ్లు తీర్మానించారు. అద్దంలో చూసి బాగున్నాయని చెప్పిస్తే తప్ప ఆ ఇంటి పురుగు వీధిలో ఉండకూడదన్నారు. భర్త నాగప్పకు విసుగెత్తింది.

"మల్బరీ పీకేసి శెనక్కాయ ఏస్తా అంటాండాడు. గడ్డపార తెచ్చి గోడకు ఆనిచ్చి పెట్టినాడు. నేను నాటుకున్న తోట అక్కా అది. చేతులతో నీళ్లు పోసి బతికిచ్చిన చెట్లు. మిగిలిన తట్టలోవే ఈ గుడ్లు. ఇవి బాగుండాయని నాయన కాడ అనిపిచ్చుకోని పోతే సాలు."

"మీ నాయన ఈడే ఉండాడు గదా, నీకేం భయం," అంది అమ్మ.

పుట్టమ్మ ముద్ద కలిపింది. తర్వాత, "నాయన ఉండాడనే భయం," అంది.

మరుసటి ఉదయం తిమ్మప్ప వరండా చివర నిలబడి చాలాసేపు ఆకాశం చూశాడు. నీళ్లు అడుగంటిన చెరువును గట్టు మీద నుంచి చూసేవాళ్లు అలా చూస్తారు. వెనక్కి తిరిగి అందరితో అన్నాడు.

"ఈ పొద్దు కరువు తడి. దూరమోళ్లకు ముందు."

వెలుతురు కోసం వచ్చినవాళ్లు నలుగురు. కదిరి అవతల గాండ్లపెంట నుంచి హనుమంతు అనే రైతు, పెనుకొండ జయరాజుగారు, ఊరూరికీ పంచవలసిన సర్కారు గుడ్లతో కదిరప్పగారు, రొళ్ల పుట్టమ్మ. మొదటి వంతు హనుమంతుకన్నాడు తిమ్మప్ప. తర్వాత జయరాజుగారికి. ఆ తర్వాత కదిరప్పగారికి. చివర పుట్టమ్మకు.

ఆదినారాయణగారికి వెలుతురుతో పని లేదు. వేడుక చూస్తూ అన్నారు, "అదేందప్పా, పెనుకొండ కంటే రొళ్ల దూరం గదా!"

"దూరమే సార్. కానీ అది నా మడి."

పుట్టమ్మ తలెత్తి తండ్రిని చూసింది. ఆయన గిన్నె పట్టుకుని, వెలుతురు కోసం చూస్తూ తొట్టి పక్కన కూర్చున్నాడు.

మబ్బు మొదటిసారి పలచబడినప్పుడు కదిరప్పగారు కంటిని అద్దానికి ఆనించి హనుమంతు తెచ్చిన సీతాకోకలను చూశారు. రోగం ఉంది. హనుమంతు మా పెరట్లో నీళ్లు కాచే పొయ్యి దగ్గరికి వచ్చి, గుడ్ల గుడ్డను మంటలో వేసి, చేతులు కడుక్కున్నాడు. "తెలియక ఇంటికి మోసకపోయింటే ఊరంతా పోయేది," అని అమ్మతో అని బస్సుకు నడిచాడు.

మధ్యాహ్నం దాకా మళ్లీ వెలుతురు లేదు. చుక్కల చప్పుడు ఒక్కటే. వరండాలో కూర్చున్నవాళ్లందరి కళ్లూ మూతలు పడ్డాయి. పుట్టమ్మ మాత్రం గంప మీద చేయి వేసి, లోపల ఏదో కదులుతుందేమోనని వింటున్నట్టు కూర్చుంది.

తర్వాత ఉన్నట్టుండి కిటికీ తెల్లబడింది. జయరాజుగారి వంతు. ఆయన ఆకు ముక్కను అద్దం కింద పెట్టి వంగారు. గిన్నె సగం కూడా నిండకముందే లేచి నిలబడ్డారు.

"నా ఆకు రేపు చూసుకున్నా నష్టం ల్యా. ఈ పాప గుడ్లు రేపుండవు. నా వంతు ఈమెకిస్తాండా. రామ్మా."

పుట్టమ్మ చప్పున లేచింది. తిమ్మప్ప తొట్టి దగ్గర నుంచి కదలలేదు.

"మీకు వద్దంటే వద్దు సార్. వదిలిన తడి చెరువుది. కదిరప్ప సారుకు పోతాది."

"యాడి చెరువప్పా? ఇది మైక్రోస్కోపు!"

"వరస వరసే గదా సార్."

"నాయనా," అంది పుట్టమ్మ. "ఆయన నాకిస్తాండాడు. ఇచ్చేది నువ్వు గాదు."

"తూము కాడ నేనుండా. నేనిచ్చినట్టే అయితాది."

"అయితే కానీ! ఎవురు చూడొచ్చినారు?"

"రేపు ఇంగొకడు వాని బావమరిదికిస్తా అంటాడు. ఎల్లుండి ఇంగొకడు దుడ్లు తీసుకోని ఇస్తా అంటాడు. అప్పుడు ఈడ ఉండేదెవురు?"

జయరాజుగారు కదిరప్పగారి వైపు చూశారు. కదిరప్పగారి చేతిలో అప్పటికే కల్వం ఉంది. ఆయన ముఖం ఎర్రబడింది. "నా వాటికీ పగిలే పొద్దు దగ్గర పడింది పుట్టమ్మా. సర్కారు గుడ్లు. ఎందరో కాచుకోనుండారు. బిరబిరా చూసి నీకిచ్చేస్తా," అంటూ కూర్చున్నారు. నిజంగానే బిరబిరా చూశారు. ఒక గాజుపలక తీసి ఇంకొకటి పెట్టే చప్పుడు తప్ప ఆ గదిలో ఊపిరి కూడా వినపడలేదు.

గిన్నె ఇంకా తేలుతూనే ఉంది. వెలుతురు పోయింది.

ఆ తర్వాత రాలేదు. కిటికీ ముందు బూడిద రంగు, దాని వెనక ఇంకా ముదురు బూడిద రంగు. దీపాలు పెట్టే వేళకు కొంచెం ముందు పుట్టమ్మ గంప అక్కడే ఉంచి, పొట్లం తీసుకుని అద్దం ఉన్న గదిలోకి వెళ్లింది. తిమ్మప్ప ఆమె వెనకే వెళ్లాడు. ఆమె వీధి వైపు తలుపు వేసేసింది. వరండాలో జయరాజుగారూ ఆదినారాయణగారూ మిగిలారు. దారిన పోయేవాళ్లు ఆగి ఏమైందని అడుగుతున్నారు. కూతురు లోపలుంది, తలుపేసుకున్నారు అని ఎవరో అనడం వినపడింది.

మా వైపు గాజు పలకకు తెర లేదు.

పుట్టమ్మ కూర్చుని, కంటిని అద్దానికి ఆనించింది. కింద చుక్క పెట్టలేదు. ఎలా పెట్టాలో ఆమెకు తెలియదు.

"ఏమి కనపడతాండాది?" అన్నాడు తిమ్మప్ప.

"చెరువు అడుగు మాదిరి ఉండాది."

"చెరువు అడుగు నువ్వెప్పుడు చూస్తివి?"

"కట్ట తెగినప్పుడు. నువ్వు నన్ను ఎత్తుకోనుంటివి."

గదిలో చీకటి నీళ్లలా నేల నుంచి పైకి వస్తోంది. ముందు కుర్చీ కాళ్లు మునిగాయి, తర్వాత బల్ల, తర్వాత వాళ్ల చేతులు.

"నువ్వు ఎప్పుడన్నా దీంట్లో చూసినావా?" అంది ఆమె.

"నాకేడిది వంతు."

"ఇప్పుడు చూడు. చీకటికి వంతు ఎవురడగతారు?"

ఆమె లేచింది. ఆయన కూర్చోలేదు. నిలబడే వంగి, తువ్వాలతో కన్ను తుడుచుకుని, అద్దానికి ఆనించాడు. ఎంతసేపు అలా ఉన్నాడో! ఏం చూశాడో నాకు తెలియదు. అమ్మ దీపం తెచ్చేసరికి గాజు పలకలో నా ముఖమే కనిపించింది.

తెల్లవారేసరికి గుడ్డ ఊపిరి పీలుస్తోంది. దగ్గరికి వంగి చూస్తే నల్లదారం తుంచి చల్లినట్టు పిల్లలు, తలలు ఎత్తి గాలిలో ఆకు కోసం వెతుకుతున్నాయి. మా పెరటి గోడ వెనక మల్బరీ ఉంది, లేత ఆకులు తెస్తానని లేచాను. కదిరప్పగారు గుమ్మం దగ్గరే చేయి అడ్డం పెట్టారు.

"చూడని పురుగును ఈ ఇంట్లో ఉంచకూడదమ్మా. గోడ అవతల సర్కారు గుడ్లుండాయి. రోగముంటే అన్నిటికీ అంటుతాది. ఈ పొద్దే తీసకపోవాల, ల్యాకపోతే..." ఆయన కళ్లు పెరటి పొయ్యి వైపు తిరిగాయి.

మబ్బు అలాగే ఉంది. అద్దంలో చూపించకుండా వాటిని తన ఊరి వీధికి తీసుకుపోవడానికి పుట్టమ్మకు దారి లేదు. ఆమె అమ్మను అడిగింది, "పొయ్యి రాజేసినావా అక్కా?"

అప్పటిదాకా ఎప్పుడూ మా వైపు రాని తిమ్మప్ప నడిమి తలుపు తీసుకుని పెరట్లోకి వచ్చాడు. గుడ్డ కోసం చేయి చాచాడు.

"ఇట్లియ్యి మ్మేయ్. నేనేస్తా."

"నీ వంతు గాదులే నాయనా," అంది పుట్టమ్మ.

తనే వేసింది. గుడ్డ చివర్లు ముడుచుకుంటుంటే కట్టెపుల్లతో లోపలికి తోసింది. ఖాళీ గంపను బోర్లించి రెండుసార్లు తట్టి, అమ్మకు చెప్పి బస్సుకు వెళ్లిపోయింది. తండ్రికి చెప్పలేదు. సీతాకోకల పొట్లం బల్ల మీదే ఉండిపోయింది.

తిమ్మప్ప ఆ రోజు తిండి తినలేదని అమ్మ అంది. వంతులు మాత్రం తప్పలేదు. మరో రెండు పగళ్లు అలాగే పోయాయి. ఆ తర్వాత ఒక ఉదయం లేచేసరికి ప్రతి వస్తువుకూ నీడ ఉంది. గోడకు నీడ, బిందెకు నీడ, తాడుకు నీడ. మేము చాలా కాలం తర్వాత ఊరికి తిరిగి వచ్చినట్టు అనిపించింది. కిటికీలోంచి వెలుతురు గది నిండా పారింది, ఎవరికి కావలసినంత వాళ్లు చూసుకున్నారు. అందరి పనీ అయ్యాక తిమ్మప్ప బల్ల మీది పొట్లం తెచ్చి కదిరప్పగారి ముందు పెట్టాడు.

"గుడ్లే ల్యావు గదప్పా. తల్లుల్ని చూసి ఏం లాభం?"

"వంతు ఉండాది సార్."

కదిరప్పగారు ఆయన ముఖం చూసి, కల్వం కడుక్కున్నారు. ఒక్కొక్క సీతాకోకనూ నూరి, ఒక్కొక్క చుక్కనూ తీరిగ్గా చూశారు. గిన్నె మునిగిపోయింది. వెనక ఎవరూ లేరు కాబట్టి తిమ్మప్ప దాన్ని పైకి తీయలేదు. చివరికి కదిరప్పగారు తలెత్తి ఏదో చెప్పారు. చుక్కల చప్పుడులో నాకు వినపడలేదు. "ఇంగోసారి చెప్పండి సార్, అట్లే చెప్పాల నేను," అని తిమ్మప్ప అడగడం మాత్రం వినపడింది. ఆయన మళ్లీ చెప్పారు. తిమ్మప్ప పెదవులు కదుపుతూ దాన్ని పట్టుకున్నాడు. సెలవు అడిగి, ఉతికిన చొక్కా వేసుకుని, బట్టలు మూట కట్టుకుని వెళ్లాడు. కాఫీ హోటలు వాళ్లు చూసింది ఆ మూటనే. వారం తిరక్కుండానే వచ్చి ఎప్పటిలా వరండా ఊడ్చాడు.

చలి తగ్గాక పుట్టమ్మ మళ్లీ వచ్చింది, సర్కారు గుడ్లు తీసుకుపోవడానికి. వరసలో నిలబడి, తన వంతుకు తీసుకుని, మా పెరట్లోకి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"మీ నాయన వచ్చినాడంట గదా ఊరికి?" అంది అమ్మ.

"వచ్చినాడు. మా ఇంట్లోకి రాలే ముందు. వీధి నడిమధ్య నిలబడి అందర్నీ పిలిచినాడు, చెరువు కాడ కేకేసినట్టు. కదిరప్ప సారు చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పినాడు. ఎవురో నమ్మకపోతే ఇంగోసారి చెప్పినాడు. పోయిన పంట మీరు వానకు తడిసిన ఆకు మేపి పోగొట్టుకున్నారు, ఆ ఇంట్లో తప్పేమీ ల్యా అన్నాడు. మా ఇంటాయన గడ్డపార తీసకపోయి కొట్టంలో పడేసినాడు."

"నీతో ఏమన్నాడు?"

"ఏమీ అనలే. చెంబుతో నీళ్లిస్తే తాగినాడు. నేనూ ఏమీ అనలే." పుట్టమ్మ తెచ్చుకున్న గుడ్లను ఒళ్లోకి తీసుకుని, "తోటలోకి పోయి చెట్లను చూసొచ్చినాడు. ఒక్కొక్కదాన్నీ," అంది.

తిమ్మప్ప రొళ్లకు మోసుకుపోయిన మాట ఇంతే. పుట్టమ్మ మా పొయ్యిలో వేసిన గుడ్ల తల్లుల్లో ఒక్కదానికీ గంటు రోగం లేదు.